పందిరి వేస్తే గానీ కుదరలేదు: గోడో ‘ఎక్స్‌పాండ్’తో రెండేళ్ళు

గోడో అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజన్. ఒక కొలతలో చేసిన ఆటని వేరే ఆకారం తెరల మీద ఎలా సర్దాలో చెప్పడానికి అందులో స్ట్రెచ్ మోడ్, ఆస్పెక్ట్ అనే సెట్టింగులున్నాయి; ఆస్పెక్ట్‌లో ఐదు ఎంపికలు. నేను మాట్లాడేది ఆ ఐదింట్లో చివరిదాని గురించే. ఎక్స్‌పాండ్. పట్టీలు లేకుండా తెరంతా ఆటతో నింపేది అది. పెట్టిన రోజు ఎగిరి గంతేశాను. ఒక సంక్రాంతికి చుట్టాలందరి ముందూ దానివల్లే పరువు పోయింది. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

నాది చిన్న ఆట. పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని. 2023లో 4.0 వచ్చాక మొదలుపెట్టాను. ఫోన్ నిలువుగా పట్టుకుని పతంగి ఎగరేయాలి. పక్కల నుంచి కాకులొస్తాయి, పైనుంచి ఎదుటివాళ్ళ పతంగులు దిగుతాయి, మాంజా తెగితే ఆట అయిపోయినట్టే. వెనక బొమ్మలో డాబాలు, దూరంగా గుట్ట, ఆపైన ఆకాశం. బొమ్మలన్నీ మా మరదలు వేసింది. ఆటకి మూల కొలత 720×1280. ఇది 16:9. ఇప్పుడు అమ్ముతున్న ఫోన్లలో ఆ ఆకారం దాదాపు కనిపించదు, అదే అసలు తంటా.

మొదట్లో ‘కీప్’ పెట్టాను, అంటే ఆట ఆకారం ఏ తెర మీదా మారదు. 1080×2400 ఫోన్‌లో ఆట 1920 పిక్సెళ్ళ దగ్గరే ఆగిపోయి, పైన 240, కింద 240 నల్లగా మిగిలేవి. అమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుని అడిగిన మొదటి ప్రశ్న: “తెరకు నల్ల టేపెందుకు అంటించినవ్‌రా?” ఆట గురించి ఇంకేమీ అడగలేదు. ఆ రాత్రే ఎక్స్‌పాండ్‌కి మారాను. నల్ల పట్టీ పోయింది. నిజానికి దాని స్థానంలో అడుగున బూడిద రంగు పట్టీ వచ్చింది. ఆటలో ఏ భాగం చూపాలో చెప్పే కెమెరా పెట్టకపోతే లెక్కంతా ఎడమ పైమూల నుంచి మొదలవుతుంది కాబట్టి, మిగిలిన జాగా అంతా కిందికీ కుడికీ చేరుతుంది. అక్కడ బొమ్మ లేదు కాబట్టి ఇంజన్ సొంత బూడిద రంగు కనిపిస్తుంది. స్ట్రెచ్ మోడ్‌లో ‘కాన్వాస్ ఐటెమ్స్’, అంటే అన్నిటినీ తెర అసలు కొలతలోనే గీసేది, పెట్టాను గనక అక్షరాలు మాత్రం ఏ తెర మీదైనా నున్నగా ఉన్నాయి, దానికి వంక పెట్టను.

బూడిద పట్టీ పోగొట్టడానికి నేను చేసిన తప్పు చాలామంది చేసేదే. బొమ్మను 720×1600 చేయించి, బొమ్మని చూపించే ‘టెక్స్చర్ రెక్ట్’ అనే డబ్బాలో పెట్టి, తెరంతా పరిచి, ‘కీప్ ఆస్పెక్ట్ కవర్డ్’ ఎంచుకున్నాను. నా ఫోన్ తెర సరిగ్గా 720×1600. ముచ్చటగా కుదిరింది. రెండు వారాల తర్వాత బావ తన 4:3 టాబ్లెట్‌లో పెట్టుకుంటే డాబాలు లేవు, గుట్ట కూడా సగమే. పతంగి ఆకాశంలోనే పుట్టినట్టుంది. కవర్డ్ అంటే తెర నిండేదాకా బొమ్మను పెంచి, మిగిలినదాన్ని రెండు వైపులా సమానంగా కోసేయడం. ఆ టాబ్లెట్‌లో బొమ్మ 960×2133 అవుతుంది, కనబడేది 1280 మాత్రమే. పైన ఐదో వంతు, కింద ఐదో వంతు పోయాయి. కింది వంతులోనే నా ఊరంతా ఉంది.

అప్పుడు మరదలే దారి చెప్పింది. “బావా, ఒక్క బొమ్మగా ఎందుకు? ఆకాశాన్ని ఎంత సాగదీసినా ఎవరికి తెలుస్తది? డాబాలను కదా ముట్టొద్దు.” అంతే. ఆకాశం వట్టి గ్రేడియంట్, అంటే మెల్లగా మారే రంగు, ఎటు లాగినా లాగనిస్తుంది. గుట్టా డాబాలూ వేరే పొర, అడుగుకి అతికించి ఉంటుంది, 1080 వెడల్పుతో గీసింది. అంత వెడల్పు ఎందుకంటే, విప్పిన మడత ఫోన్ 1812×2176 తెరలో నా ఆటకి 1066 దాకా వెడల్పు కనిపిస్తుంది. పొరలుగా విడదీశాక మెమరీ కూడా కలిసొచ్చింది. తెరంతా కప్పే ఒకే పెద్ద బొమ్మ కుదింపు లేకుండా 2048×2048 ఉంటే అదొక్కటే 16 ఎంబీ తింటుంది. గ్రేడియంట్‌కి ఆ బెడద లేదు.

అప్పట్లో తోటి డెవలపర్ మిత్రులకి “ఎక్స్‌పాండ్ పెట్టి, పొరలు విడదీసి, మర్చిపో” అని గట్టిగా చెప్పాను. ఆ ‘మర్చిపో’ అన్న మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

2025 సంక్రాంతికి హన్మకొండలో అమ్మమ్మ వాళ్ళింట్లో అందరం కలిశాం. మధ్యాహ్నం గాలి పడిపోయింది. నిజం పతంగులు లేవడం లేదు. నా ఆటతో పోటీ పెట్టుకుందామన్నారు. నేను పొంగిపోయాను. పది మంది, తలా మూడు ఆటలు. మూడింట్లోనూ బావే. గెలవడమంటే పక్కపక్క అంకెలు కాదు, రెండోవాడికి ఆమడ దూరం. బావ ఆటల మనిషి కాదు, క్యారమ్స్‌లో స్ట్రైకర్‌నే గుంటలో వేసే రకం. అందరూ చప్పట్లు కొట్టారు గానీ అక్క కూతురు కొట్టలేదు. దానికి పదకొండేళ్ళు. టాబ్లెట్ తీసుకుని, పక్కన నా ఫోన్ పెట్టి, పతంగిని నడిమధ్య కదపకుండా ఉంచి, కాకి కనబడినప్పటి నుంచి తాకేదాకా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగైదు సార్లు లెక్కపెట్టి నా వైపు తిరిగింది.

“మామా, పెద్దదాంట్ల కాకి ముందుగాల్నే కనబడ్తుంది. ఇది చీటింగ్.”

వెంటనే బుకాయించాను. తర్వాత లోపలికెళ్ళి కాగితం మీద వేశాను. కాకి సెకనుకి 200 యూనిట్లు కదులుతుంది (ఆట మూల వెడల్పు 720 యూనిట్లు). నా ఫోన్‌లో తెర అంచు నుంచి నడిమధ్యకి 360 యూనిట్లు, అంటే 1.8 సెకన్లు. టాబ్లెట్‌లో ఎక్స్‌పాండ్ వెడల్పుని 960 చేస్తుంది, అంచు నుంచి 480, అంటే 2.4 సెకన్లు. కాకిని పుట్టించేది కనిపించే తెర అంచు అవతల కదా. అలా రాసింది నేనే. ప్రతి కాకికీ బావకి 0.6 సెకన్ల ముందస్తు కబురు. పొడవు ఫోన్లవాళ్ళకి కూడా పైన 320 యూనిట్లు ఎక్కువే కనిపిస్తాయి, కానీ పతంగులు నింపాదిగా దిగుతాయి, చంపేవి కాకులే.

నల్ల పట్టీలు తీసేశానని మురిసిన నేను చేసింది నిజానికి ఇదీ: తెరని నింపడానికి ఆట మైదానాన్నే పెంచాను. ఎక్స్‌పాండ్ అనే పేరులోనే ఆ సంగతి ఉంది. బొమ్మ ఎక్కడ తెగుతుందోనని చూస్తూ ఆ మాట మీద దృష్టి పెట్టలేదు. వెడల్పు మారకుండా ఎత్తు మాత్రం పెరగనిచ్చే ‘కీప్ విడ్త్’ పెట్టొచ్చు కదా అంటారు. పెట్టి చూశాను. పొడవు ఫోన్ల గొడవ అలాగే ఉంటుంది, టాబ్లెట్‌కి పక్కల నల్ల టేపు తిరిగొస్తుంది. అమ్మ ఒప్పుకోదు.

పరిష్కారం మళ్ళీ మరదలే వేసింది. ఆటంతా 720×1280 లోపలే జరగాలి; కాకులు ఆ గీత దగ్గరే పుట్టాలి. మరి టాబ్లెట్‌లో ఆ గీత కనిపిస్తుంది కదా, ఉత్త గాల్లోంచి కాకి ఊడిపడితే బాగుండదు. అందుకని గీతకి అవతల రెండు వైపులా అరటిబోదెలు గీసింది, ఆటకి ముందు పొరలో. కాకి ఆకుల వెనక నుంచి బయటికొస్తుంది. పైన తాటాకు పందిరి, దాని అంచుకి మామిడాకుల తోరణం. ఎదుటివాళ్ళ పతంగులు పందిరి చాటు నుంచి దిగుతాయి. 16:9 ఫోన్ అయితే ఇవేవీ తెర మీదికి రావు. 20:9 ఫోన్‌లో పందిరి, టాబ్లెట్‌లో బోదెలు. పందిరి కింద నిలబడి పతంగి ఎగరేసేవాడు ఎవడురా అని తాత నవ్వాడు. అది నిజమే. కానీ ఫోన్ తెర మీది కెమెరా గుంట కూడా తాటాకుల్లో కలిసిపోయింది. అది మేం అనుకోని లాభం.

కెమెరా గుంట అంటే గుర్తొచ్చింది, స్కోర్ దాని కింద పడకుండా సేఫ్ ఏరియా, అంటే గుంట తగలని జాగా, ఎక్కడుందో అడిగి తెచ్చుకునే ఏర్పాటు ఇంజన్‌లో ఉంది. అది ఇచ్చే అంకెలు తెర అసలు పిక్సెళ్ళలో ఉంటాయి, మన 720 లెక్కలో కాదు. నా 720×1600 ఫోన్‌లో స్కేల్, అంటే ఆటని ఎన్ని రెట్లు పెంచి చూపిస్తుందో ఆ లెక్క, సరిగ్గా ఒకటి, కాబట్టి తప్పు ఏడాదిపాటు దాక్కుంది. తమ్ముడి 1440×3200 ఫోన్‌లో స్కేల్ రెండు. స్కోర్ ఉండాల్సిన దానికి రెట్టింపు కిందికి వేలాడింది. స్కేల్‌తో భాగిస్తే అయిపోయింది. తెర వెడల్పూ మూల వెడల్పూ ఒకటే అయిన ఫోన్ మీద మాత్రం పరీక్షలు చేసుకుని తృప్తిపడకండి. ఇంకేమీ లేకపోతే కంప్యూటర్లో ఆట కిటికీ మూల పట్టుకుని అటూ ఇటూ లాగి చూడండి, సగం రోగాలు అక్కడే బయటపడతాయి.

ఒక లోటు అలాగే ఉంది. మడత ఫోన్ మూసినప్పుడు బయటి తెర మరీ సన్నం. 904×2316లో నా ఆటకి దాదాపు 1845 ఎత్తు వస్తుంది. పందిరి 400 ఎత్తే గీశాం, ఆ పైన 165 యూనిట్ల ఉత్త ఆకాశం. పందిరి గాల్లో తేలుతున్నట్టుంటుంది. ఆ ఫోన్ మా చుట్టాల్లో ఒక్కరి దగ్గరే ఉంది. ఆయన ఏమీ అనలేదు కాబట్టి నేనూ కదపలేదు.

ఎక్స్‌పాండ్ పెట్టుకోవాలా అంటే, నాకు ఇంట్లో బొమ్మలు వేసే మనిషి ఉంది, నిలువు ఆట, ఆడేది చుట్టాలూ స్నేహితులూ. వీటిలో ఏది మారినా నా మాట మారుతుంది. చుక్కచుక్కగా బొమ్మలు వేసే పిక్సెల్ ఆర్ట్ ఆట అయితే నేను ఈ దారి పట్టను. స్కోర్ల మీద డబ్బు పెట్టి ఆడే పోటీ అయితే బోదెల్నీ నమ్మను, కీప్ పెట్టి ఆ నల్ల పట్టీలకి ఏదో రంగు వేసుకుంటాను. పోటీ లేని కథల ఆట అయితే ఎక్స్‌పాండ్, ఇంకో ఆలోచన లేదు.

మొన్న బావ ఫోన్ చేశాడు. “ఆ అరటిబోదెలు అడ్డమొస్తున్నయి, తీసెయ్యరాదా” అన్నాడు. చూస్తానన్నాను. తీయలేదు.