బరో మార్కెట్ దగ్గర తాగిన పోర్టర్: రుచికి 4, నురగకి 2

లండన్ బ్రిడ్జి స్టేషన్‌లో దిగి బరో మార్కెట్ దాటి పక్క సందులోకెళ్తే ఒక పాత పబ్ ఉంది, కాస్త తిట్టబోతున్నా కాబట్టి పేరు చెప్పను. శనివారం సాయంత్రం వెళ్ళా, నిలబడ్డానికే చోటు లేదు, అయినా పోర్టర్ అనే ఈ ముదురు రంగు బీరు ఇక్కడ తాగకపోతే ఇంకెక్కడ తాగుతాం, ఈ పక్కనున్న పార్క్ స్ట్రీట్‌లోనే కదా ఒకప్పుడు పోర్టర్ కాచే బార్క్‌లే పెర్కిన్స్ వాళ్ళ యాంకర్ బ్రూవరీ ఉండేది.

ముందు మంచి మాట. గ్లాసు లైటుకి పెట్టి చూస్తే నలుపు కాదు, అంచుల్లో దానిమ్మ గింజ ఎరుపు. గుక్క వేస్తే మాడిన రొట్టె అంచు, చిక్కటి డికాషన్ చేదు, ఆఖర్న నాలుక మీద కాస్త పాకం తగులుతుంది. రుచికి వంక పెట్టలేం.

ఈ మాడు రుచి ఉంది చూశారూ, అది ఎక్సైజ్ వాళ్ళ పుణ్యమే. బీరు రసం ఎంత చిక్కగా ఉందో కొలిచే హైడ్రోమీటర్ వచ్చాక ముదురు రంగు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కంటే లేత మాల్ట్‌లోనే సారం ఎక్కువని బ్రూవర్లకి లెక్క తెలిసిపోయింది, దాన్ని వాడితే గిట్టుబాటు కానీ బీరు తెల్లబడిపోతోంది, జనానికేమో నల్లటి పోర్టరే కావాలి, దాంతో మాడ్చిన చక్కెర కలపడం మొదలెట్టారు. ప్రభుత్వం కొన్నాళ్ళు సరే అని 1816లో అన్నీ బంద్ అంది. బ్రూవరీలో మొలాసిస్, అతిమధురం, క్వాసియా అనే చేదు చెక్క లాంటివి దొరికినా చాలు 200 పౌండ్ల ఫైన్, అవి బ్రూవర్‌కి అమ్మిన మందుల కొట్టువాడికైతే 500. జనం ఆరోగ్యం మీద బెంగ కంటే మాల్ట్ మీద పన్ను పోతోందన్న ఏడుపే ఎక్కువ అందులో. మరుసటేడు, 1817లో, డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీ గింజల్లా మాల్ట్‌ని డ్రమ్ములో వేసి నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, వేయించినా అది మాల్టే కాబట్టి చట్టానికి దొరకదు.

నిషేధించిన లిస్టులో నన్ను ఆపేసిన పేరు కాక్యులస్ ఇండికస్. అది ఎవరో కాదు, మన కాకమారి! చేపల్ని మత్తెక్కించి పట్టడానికి నీళ్ళలో వేసే విషపు కాయ, మలబార్ తీరం నుంచి ఓడెక్కి లండన్ వచ్చి పోర్టర్‌లో పడేది. నీళ్ళ బీరులో అది కాస్త వేస్తే తాగినోడికి తల తిరిగి అబ్బో స్ట్రాంగ్ అనుకునేవాడు. మన దగ్గర పల్చటి కల్లులో క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందు కలిపేవాళ్ళ తెలివి కూడా ఇదే కదా.

నురగ సంగతి. అప్పట్లో పబ్బుల వాళ్ళు అన్నభేది, పటిక, ఉప్పు కలిపిన పొడి వేసి నురగ తెప్పించేవాళ్ళు, దానికి హెడింగ్ అని పేరు. ఇక్కడ ఆ పాపం చెయ్యలేదు, ఎందుకంటే అసలు నురగే లేదు 😄 టేబుల్ దాకా తెచ్చుకునేసరికి చప్పబడిపోయింది, గ్లాసు సరిగ్గా కడగలేదేమో.

అసలు కోపం రెండో గ్లాసు దగ్గర. మళ్ళీ పోర్టరే అడిగా, పీపా అయిపోయిందని ఒక్క ముక్క చెప్పకుండా ఏదో స్టౌట్ (ఇంకో రకం నల్ల బీరు) పోసిచ్చాడు, రంగు ఒకటే కదా వీడికేం తెలుస్తుందిలే అనుకున్నట్టున్నాడు. 1820లో ఫ్రెడరిక్ ఆకమ్ అనే జర్మన్ కెమిస్ట్ ఇదే లండన్‌లో కల్తీల మీద పుస్తకం వేశాడు, స్ట్రాంగ్ బీరులో తక్కువ పన్ను కట్టే పల్చటి టేబుల్ బీరు కలిపి స్ట్రాంగే అని అమ్మి దొరికిపోయిన పబ్బుల వాళ్ళ పేర్లు కూడా అచ్చేశాడు. (పాపం ఆయన తర్వాత లైబ్రరీ పుస్తకాల్లో పేజీలు చింపాడని కేసులో ఇరుక్కుని జర్మనీ వెళ్ళిపోయాడు, అది వేరే కథ.) నేను మర్యాదగానే అడిగా, అన్నా ఇది పోర్టర్ కాదుగా అని. ఒక్క క్షణం మొహం చూసి, సారీ చెప్పి డబ్బులు తిరిగిచ్చేశాడు, గ్లాసు కూడా ఉంచుకోమన్నాడు. ఆ ఒక్కందుకు ఇంకో అర స్టార్.

వెళ్తే వీక్‌డే మధ్యాహ్నం వెళ్ళండి, కౌంటర్ దగ్గరే నిలబడి ఏ ట్యాప్ లాగుతున్నాడో చూస్కోండి. చిప్స్ వద్దు, మెత్తగా ఉన్నాయి.