జాగ్రత్త: మావాడి గొంతుని బీరువాలో పెట్టి తాళం వేసిన స్కూల్

ఇవాళ మధ్యాహ్నం జరిగింది ఇది. చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

స్కూల్ పేరు రాయను. గేటు మీదే ఇంక్లూజివ్ అని రాసుకున్న స్కూల్, మనలాంటి పిల్లలున్న ఇళ్ళల్లో చాలామందికి తెలిసిందే, నాకూ అలా నోటిమాటగానే తెలిసింది. మావాడికి ఎనిమిదేళ్ళు, ఆటిజం, నోటితో నాలుగైదు మాటలకి మించి రావు. చిన్నప్పుడు పెక్స్ కార్డులతో (బొమ్మ కార్డు చేతికిచ్చి కావలసింది అడగడం) మొదలుపెట్టాం, తర్వాత స్పీచ్ థెరపిస్ట్ చెప్తే టాబ్లెట్‌లో ఏఏసీ యాప్‌కి (ఏఏసీ అంటే నోటిమాటకి తోడుగానో బదులుగానో వాడే పద్ధతులు) మారాం, బొమ్మ నొక్కితే అది పైకి పలుకుతుంది. కావాలి, వద్దు, ఇంకా, ఆపు, నొప్పి, వెళ్దాం. రెండేళ్ళు పట్టింది వాడికి రెండు మాటలు కలిపి నొక్కడానికి. ఆ రెండేళ్ళూ ఇంట్లో మేము కూడా మాట్లాడుతూ ఆ బొమ్మలే నొక్కేవాళ్ళం, ఎందుకంటే పెద్దవాళ్ళు వాడి చూపించకపోతే పిల్లలకి అది రాదు, మనం మాట్లాడకుండా పిల్లలకి మాటలు రావు కదా, ఇదీ అంతే.

అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్నే టాబ్లెట్ గురించి. "తప్పకుండా మేడమ్, ఐఈపీలోనే పెడదాం" అంది కోఆర్డినేటర్ (ఐఈపీ అంటే ఒక్కో పిల్లవాడికి విడిగా గోల్స్‌తో రాసే చదువు ప్లాన్). పెట్టారు కూడా. మూడో గోల్: క్లాసులో తనకి కావలసింది ఏఏసీతో అడుగుతాడు, ఐదు ట్రయల్స్‌లో నాలుగు. పక్కన బేస్‌లైన్ గడి ఖాళీగా ఉంది, అంటే ఇప్పుడు ఎన్నిసార్లు అడుగుతున్నాడో ఎవరూ లెక్క చూడలేదు, అది లేకుండా ఎదిగాడో లేదో ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు ఆ సంగతి. తెలిసి కూడా సంతకం పెట్టాను, సీటు దొరికిందన్న ఆనందంలో. ఏడాది ఫీజు, స్పెషల్ సపోర్ట్ ఫీజు, అన్నీ ముందే కట్టేశాం.

రెండో వారం నుంచి డైరీలో ఒకటే కంప్లయింట్. బీరువా తలుపు కొడుతున్నాడు. బీరువా దగ్గర్నుంచి లాగితే అటెండర్‌ని గిచ్చాడు. అగ్రెసివ్ బిహేవియర్ అని ఎర్ర పెన్నుతో. బిహేవియర్ సెషన్స్ పెట్టించండి వేరే పేరెంట్స్ ఒప్పుకోవట్లేదు అని పిలిచి చెప్పారు. నేనేం చేశానో రాస్తున్నా వినండి. వాడి కోసం బొమ్మలతో ఒక సోషల్ స్టోరీ తయారుచేశాను, "బీరువా కొట్టకూడదు, చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి" అని, రోజూ రాత్రి పడుకునే ముందు చదివించాను. వాడు వినేవాడు, విని లేచి నా చెయ్యి పట్టుకుని టాబ్లెట్ దగ్గరికి లాక్కెళ్ళి దాని మీద నా వేలు పెట్టేవాడు. గేమ్స్ అడుగుతున్నాడనుకుని ఇప్పుడు కాదు నాన్నా పడుకో అనేదాన్ని. ఒకరోజు కసిరాను కూడా.

ఇవాళ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందని చెప్పకుండా ముందే వెళ్ళాను. రిసెప్షన్‌లో ఎవరూ లేరు, నేరుగా క్లాసు దాకా నడిచేశా. తలుపు అద్దంలోంచి కనిపించింది. పిల్లలందరూ బోర్డు వైపు ఉన్నారు, మావాడు వెనక స్టీలు బీరువాకి నుదురు ఆనించి నిలబడ్డాడు, అరచేత్తో తడుతున్నాడు, కోపంగా కాదు, మన ఇంటి తలుపు లోపల గడియ పడితే ఎలా తడతాం, అలా. అటెండర్ ఫోన్ చూసుకుంటోంది. నేను లోపలికి వెళ్ళగానే నన్ను చూసి నా చెయ్యి పట్టుకుని ఆ బీరువా హ్యాండిల్ మీద పెట్టాడు.

తెరవండి అన్నాను. తాళం కోఆర్డినేటర్ దగ్గర ఉంది మేడమ్ అన్నారు. ఆవిడ వచ్చేదాకా కదల్లేదు నేను. తెరిస్తే పై అరలో వాడి టాబ్లెట్, బెల్టు చుట్టి, దాని మీద చార్టు పేపర్లు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగా. ఆవిడ గొంతు కూడా తగ్గించలేదు, పిల్లల ముందే, వాడి ముందే అంది: "మొదటి వారం నుంచే పొద్దున రాగానే తీసేసి ఇంటికెళ్ళేటప్పుడు ఇస్తున్నాం మేడమ్, ఊరికే నొక్కుతూ ఉంటాడు, క్లాసంతా అటే చూస్తారు. అయినా వాడు చెప్పేదేముంది, నీళ్ళు, టాయిలెట్, అంతేగా, టైముకి మేమే తీసుకెళ్తున్నాం."

వాడు చెప్పేదేముంది.

వాడికి మాట రాదు కానీ వినపడుతుంది. అర్థమవుతుంది. ఆ మాట అంటున్నంతసేపూ వాడు నా చున్నీ కొస పట్టుకుని ఆవిడ మొహమే చూస్తున్నాడు.

ఐఈపీ షీట్లు చూపించమన్నాను. చూపించారు, అదే నాకు ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. మూడు నెలలు, ప్రతి రోజూ, మూడో గోల్ ఎదురుగా 4/5, 4/5, 4/5, ఒకే పెన్ను, ఒకే వాలు. టాబ్లెట్ బీరువాలో ఉంటే ఐదింట నాలుగుసార్లు దేంతో అడిగాడండీ వాడు? ఆ షీట్లు చూసే పోయిన మీటింగ్‌లో నేను వాళ్ళకి థాంక్స్ చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి యాప్ సెట్టింగ్స్‌లో వాడకం హిస్టరీ తెరిచా. ఇంతకాలం ఒక్కసారి కూడా ఎందుకు చూడలేదో నాకే తెలియదు. సాయంత్రాలు, ఆదివారాలు నిండుగా ఉన్నాయి. స్కూల్ టైములో మొదటి నాలుగు రోజులు ఉన్నాయి, తర్వాత ఒక్క నొక్కు లేదు. నాలుగో రోజు చివరివి: నొప్పి, నొప్పి, ఆపు, అమ్మ, వెళ్దాం, అమ్మ. పది నిమిషాల్లో పదకొండు సార్లు. దాన్నే "ఊరికే నొక్కుతున్నాడు" అన్నారు. ఆ రోజు ఏం నొప్పి చేసిందో నాకు ఎప్పటికీ తెలియదు. ఇంకోటి, రోజూ ఇంటికొచ్చేసరికి బ్యాటరీ 96, 97 ఉండేది, పాపం స్కూల్లో ఛార్జింగ్ పెట్టి పంపుతున్నారు అనుకున్నా, నిజంగా అలాగే అనుకున్నా. మా ఆయన ఇది విని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు, గంట దాకా రాలేదు.

వెళ్ళేటప్పుడు ఆవిడ ఇంకో మాట కూడా అంది, ఆ మిషన్‌కి అలవాటు పడితే ఇంక నోటిమాట రాదు మేడమ్, వాడి మంచికే అని. ఈ మాట మీకూ ఎవరో ఒకరు చెప్తారు, అందుకే రాస్తున్నా. అది తప్పు. 2006లో వచ్చిన ఒక రివ్యూలో గట్టి ఆధారాలున్న 27 మంది కేసులు చూస్తే ఏఏసీ వాడినందుకు ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, 89 శాతం మందికి ఎంతో కొంత పెరిగింది కూడా. అదే 2006 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో, 24వ అధికరణం చదువు గురించి, ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతుల్లో మాట్లాడటం నేర్చుకునే అవకాశం కల్పించాలని అందులో ఉంది. అంటే టాబ్లెట్ వాడికి మనం ఇచ్చే బహుమతో, బుద్ధిగా ఉంటే ఇచ్చే ఆటవస్తువో కాదు. కళ్ళజోడు అల్లరి చేశాడని లాక్కుంటారా, వీల్‌చెయిర్ శబ్దం చేస్తోందని బీరువాలో పెడతారా.

ఫీజు వెనక్కి ఇవ్వం అన్నారు, రాతపూర్వకంగా కంప్లయింట్ ఇచ్చాం, ఆ షీట్లకి ఫోటోలు తీసుకున్నా, హిస్టరీ స్క్రీన్‌షాట్లు కూడా జత చేశాం. రేపటి నుంచి వాడు అక్కడికి వెళ్ళడు.

ఇంక మీరు చేయాల్సింది, తొందరగా రాస్తున్నా. ఐఈపీలో బేస్‌లైన్ ఖాళీగా ఉంటే సంతకం పెట్టకండి. టాబ్లెట్ కానీ కార్డులు కానీ స్కూల్ మొత్తం, ఆటల పీరియడ్‌లో కూడా, పిల్లల చేతికి అందేలా ఉండాలని రాయించుకోండి, టీచర్ కూడా దాన్ని వాడి చూపించాలని రాయించండి. మార్కులు కాదు, ఆ రోజు వాడు చెప్పిన మాటలు ఏంటో రాసివ్వమని అడగండి. స్కూల్‌కి వెళ్ళాకే మొదలైన అల్లరి ఏదైనా ఉంటే, దానికి ముందు అక్కడ ఏం జరిగిందో, ఏం తీసేశారో అడగండి, నేను అడగలేదు. చెప్పకుండా ఒకరోజు వెళ్ళండి.

మీ పిల్లలు ఏఏసీ వాడుతుంటే ఈ రాత్రికే హిస్టరీ తెరిచి స్కూల్ గంటల్లో ఏముందో చూడండి.