చలికాలంలో కుక్కపిల్లకు టాయిలెట్ అలవాటు చేయడం: బాల్కనీ, డాబా, వీధి... ఏది మేలు?

డిసెంబరులో రెండు నెలల పిల్లను తెచ్చుకున్నామా, తెల్లారి ఐదింటికే కుయ్‌కుయ్‌మని లేపుతుంది. మనకేమో దుప్పటి వదలబుద్ధి కాదు. బాల్కనీలో పేపరు పరిచే పద్ధతి ఆ బద్ధకంలోంచే పుట్టింది.

దగ్గరగా ఉండటం బాల్కనీకున్న సుగుణం. రెండు నెలల పిల్ల రెండు గంటలు ఆపుకోవడమే గొప్ప. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడి ఆగగానే దానికి వస్తుంది. లిఫ్ట్ కోసం నిలబడే వ్యవధి ఇవ్వదు. కానీ కుక్కపిల్ల చోటుతోపాటు కాళ్ల కింద తగిలేదాన్ని కూడా గుర్తుపెట్టుకుంటుంది. పేపరుకు అలవాటుపడితే పేపరు కనబడ్డ చోటల్లా పోస్తుంది. మా నాన్న చదవని ఆదివారం అనుబంధం అలాగే పోయింది. బాల్కనీ తప్పదనుకుంటే, వెడల్పాటి ట్రేలో నర్సరీ లాన్ గడ్డి పరచండి. రేపు బయటి గడ్డికి మారడం తేలిక.

వీధి విషయంలో నా భయం చలి గురించి కాదు, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ గురించి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాల దాకా సాగుతాయి. గల్లీ కుక్కలన్నీ తిరిగే నేల మీద అప్పటిదాకా పిల్లను దించను.

నా ఓటు డాబాకే, వేరే కుక్కలు ఎక్కనిదైతే. పెరడున్నవాళ్లకు ఈ గొడవే లేదు. పిట్టగోడలో సందులున్నాయేమో ముందు చూసుకోండి, వడియాలు ఎండబెట్టే ఆంటీలతో ముందే మాట్లాడుకోండి. ఒక మూల మట్టి ట్రే పెట్టి పిల్లను ఎత్తుకునే తీసుకెళ్లాలి, నడిపిస్తే మెట్ల మీదే కానిచ్చేస్తుంది. ఇక మన చలి అంటారా, హైదరాబాద్ నగరంలో తెల్లవారుజామున 12, 13 డిగ్రీలు. పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు 10 లోపుకు దిగే రోజులూ ఉంటాయి. లాబ్రడార్ పిల్లకు ఐదు నిమిషాలు ఏమీ కాదు. పగ్, డాక్స్‌హండ్ లాంటి పొట్టి బొచ్చువాటికి పాత స్వెటర్ చేయి కత్తిరించి తొడిగితే చాలు.

అసలు తిప్పలు వేరే. చలికి బిగుసుకుని పైన ఏమీ చేయదు, వెచ్చటి హాల్లోకి రాగానే సోఫా కింద పోస్తుంది. ఐదు నిమిషాల్లో కాకపోతే లోపలికి తెచ్చి కింద వదలకండి. ఒళ్లోనే పెట్టుకుని పది నిమిషాలాగి మళ్లీ ఎక్కండి. పని అవగానే అక్కడికక్కడే ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టండి, కిందికి వచ్చాక పెడితే ఎందుకిచ్చారో దానికి అర్థం కాదు.

హాల్లో పోసిందని దాని ముక్కు అందులో రుద్దకండి. ఫినాయిల్ కూడా వద్దు, కుక్కపిల్లలకు మంచిది కాదు. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తుడవండి. వెనిగర్‌కు ముందు ఉచ్చ అద్దిన గుడ్డను పారేయకుండా డాబా మీది మట్టి ట్రేలో వేయండి, రేపు ఆ వాసన పట్టుకునే అక్కడికి వెళ్తుంది.