బాయిలర్ మెకానిక్ పెద్దాయనకు నాలుగు స్టార్లు, అంతకుముందు వచ్చిన కంపెనీకి ఒకటి

కనెటికట్‌లో హార్ట్‌ఫర్డ్ పక్కన ఉంటాం. ఇల్లు 1964లో కట్టింది, 2023 వేసవిలో కొన్నాం. మా వీధిలోకి గ్యాస్ లైను లేదు కాబట్టి హీటింగ్ అంతా ఆయిలే. బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ట్యాంకు, పక్కన బాయిలర్, అది కాచిన నీళ్ళు గోడల వెంబడి నేల దగ్గర ఉండే బేస్‌బోర్డు హీటర్లలో తిరుగుతుంటాయి. "డీజిల్ పోసి ఇల్లు కాచుకోవడమేంట్రా" అని డాలస్ నుంచి మా బావ నవ్వాడు. ఆయన మాటలో పెద్ద తప్పేమీ లేదు, ఇది దాదాపు డీజిలే, రోడ్డు పన్ను కట్టని సరుకని తెలియడానికి ఎర్ర రంగు కలుపుతారు, అంతే తేడా.

మొదటి చలికాలం బాగానే గడిచింది. రెండో చలికాలం, ఈ జనవరిలో, లారీ వచ్చి ఆయిల్ పోసి గుమ్మానికి తగిలించి వెళ్ళిన చీటీ చూసి రెండుసార్లు చదివాను. 228 గ్యాలన్లు. అంతకుముందు పోసి 26 రోజులే అయింది. గ్యాలన్ 3 డాలర్ల 65 సెంట్లు, అంటే 832 డాలర్లు, అదీ నెల నిండకుండా.

ముందు అనుమానం ఎవరి మీదకు పోతుందో చెప్పక్కర్లేదు కదా. అమ్మ నవంబర్‌లో కొత్తగూడెం నుంచి వచ్చింది. ఎండాకాలం 45 డిగ్రీలు చూసిన మనిషి, ఇక్కడ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని థర్మోస్టాట్ దగ్గర తచ్చాడుతుంటుంది. నేను నోరు జారి "అమ్మా, నువ్వు పెంచుతున్నావా దాన్ని?" అన్నాను. ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉంది. నిజానికి థర్మోస్టాట్ యాప్‌లో చూస్తే 68 ఫారెన్‌హీట్ నుంచి 70కి పెరిగింది, అంతకంటే ఏమీ లేదు, రెండు డిగ్రీలకు ఇంత ఆయిల్ తాగదు.

అక్టోబర్‌లో ఏడాది సర్వీస్ చేసిన కంపెనీకి ఫోన్ చేశాను. ఆయిల్ పోసేదీ వాళ్ళే, సర్వీస్ కాంట్రాక్టూ వాళ్ళదే. పేరు రాయను, ఈ చుట్టుపక్కల ఇలాంటివి చాలా ఉన్నాయి. ఫోన్‌లో ఆవిడ చెప్పింది: పోయిన చలికాలం వెచ్చగా ఉంది, ఈసారి చలి ఎక్కువ, ఇల్లు పాతది. మూడూ నిజాలే, అందుకే వెంటనే ఏమీ అనలేకపోయాను. 2023-24 చలికాలం అమెరికా రికార్డుల్లోనే అన్నిటికంటే వెచ్చనిది, ఈ జనవరి నిజంగానే గడ్డకట్టించింది. అయినా ఎక్కడో ఏదో తేడా కొడుతోంది. గట్టిగా అడిగితే ఒక కుర్రాడిని పంపారు, బర్నర్ (బాయిలర్‌లో ఆయిల్‌ను మండించే భాగం) ఆన్ చేసి ఆఫ్ చేసి, "బాగానే ఉంది సార్" అనేసి పావుగంటలో వెళ్ళిపోయాడు. చేతిలో టార్చిలైట్ తప్ప ఒక్క మీటరు లేదు.

అప్పుడు మా వీధి చివర ఉండే పెద్దావిడ ఒకాయన నంబర్ ఇచ్చింది. కంపెనీ లేదు, వెబ్‌సైట్ లేదు, ఒక వ్యాను, ఒక మనిషి. డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు. మూడుసార్లు ఫోన్ చేస్తే నాలుగో రోజు తిరిగి చేశాడు. మధ్యాహ్నం రెండింటికి వస్తానని నాలుగున్నరకు వచ్చాడు. ఒక స్టారు అక్కడే పోయింది.

కానీ వచ్చాక చేసిన పని చూడండి. బాయిలర్ దగ్గరకు పోకుండా కిచెన్ టేబుల్ దగ్గర కూర్చుని డెలివరీ చీటీలు అడిగాడు, నా దగ్గర అన్నీ ఉన్నాయి, మా ఆవిడ పడేయనివ్వదు. పెన్సిల్ తీసి డిగ్రీ డేల లెక్క వేశాడు. ఈ లెక్క ఆయిల్ వాడే ప్రతివాళ్ళకూ తెలిసి ఉండాలి. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 65 ఫారెన్‌హీట్ కంటే ఎంత తక్కువ ఉందో అన్ని డిగ్రీ డేలు. బయట సగటు 25 ఉంటే ఆ రోజుకు 40. హార్ట్‌ఫర్డ్ వైపు ఏడాది మొత్తానికి సుమారు 6,000 వస్తాయి. ఆటోమేటిక్ డెలివరీ కంపెనీలు మన ట్యాంకు ఎప్పుడు అడుగంటుతుందో లెక్కగట్టేది దీంతోనే, అంటే మన ఇల్లు ఒక గ్యాలన్‌కు ఎన్ని డిగ్రీ డేలు లాగుతుందో ఆ నంబర్ వాళ్ళ కంప్యూటర్‌లో ఎప్పుడూ ఉంటుంది. బైకుకు మైలేజీ ఎలాగో ఇంటికి ఇది అలాగ.

పోయిన ఏడాది జనవరిలో మాకు సుమారు 1,010 డిగ్రీ డేలకు 168 గ్యాలన్లు, అంటే గ్యాలన్‌కు 6. ఈసారి 26 రోజుల్లోనే సుమారు 1,000, దానికి 228 గ్యాలన్లు, అంటే 4.4. చలి ఎక్కువైతే గ్యాలన్లు పెరుగుతాయి కానీ ఈ మైలేజీ ఇలా పడిపోకూడదు, ఎందుకంటే చలి లెక్క అందులోనే ఉంది. పెద్దాయన పెన్సిల్ పక్కన పెట్టి "మీ అమ్మగారు కాదు" అన్నాడు. ఆ ముక్క నేను తెలుగులో చెప్పగానే అమ్మ ఆయనకు రెండోసారి టీ పెట్టింది.

తర్వాత కిందికి దిగాడు. ముందు తేల్చాల్సింది ఆయిల్ నిజంగా మండుతోందా, లేక కారుతోందా, లేక లారీవాళ్ళు పోసింది తక్కువ, రాసింది ఎక్కువా అన్నది. ట్యాంకు అడుగున, పైపు జాయింట్ల దగ్గర చేత్తో తడిమాడు, తడి లేదు. బర్నర్‌కు వేలెడంత అవర్ మీటర్ తగిలించి, "రెండు రోజులాగి వస్తా" అని వెళ్ళిపోయాడు. రెండు రోజుల్లో బర్నర్ మండింది 15 గంటల చిల్లర. దానితో ఏంటంటారా? బాయిలర్‌కు వేలాడుతున్న సర్వీస్ అట్ట మీద అక్టోబర్‌లో వచ్చిన కంపెనీ మనిషి పెన్నుతో రాశాడు, నాజిల్ (బర్నర్‌లో ఆయిల్‌ను చిమ్మే ముక్క) 1.00 అని. నాజిల్ మీద ఉండే నంబర్ పంపు ఒత్తిడి 100 పీఎస్ఐ ఉన్నప్పుడు గంటకు ఎన్ని గ్యాలన్లు చిమ్ముతుందో చెప్తుంది. మా పంపు 140 మీద ఉంది, కాబట్టి అసలు పోయేది గంటకు సుమారు 1.18. లెక్కేస్తే రోజుకు తొమ్మిది గ్యాలన్లకు దగ్గర. 228ని 26తో భాగిస్తే వచ్చేదీ దాదాపు అంతే. అంటే కారడం లేదు, ఎవడూ దోచుకోవడం లేదు, శుభ్రంగా మండిపోతోంది. ఇంత చిన్న లెక్కతో రెండు పెద్ద టెన్షన్లు పోయాయి. (ట్యాంకు కారితే మట్టి తవ్వి తీయించే ఖర్చు గురించి నేను అప్పటికే రాత్రుళ్ళు నిద్ర మానేసి చదువుతున్నాను.)

మరి వేడి ఎక్కడికి పోతోంది?

ఒకటి, నాజిలే తప్పు. బాయిలర్ ముందు రేకు మీద 0.85 అని అచ్చు వేసి ఉంది, అక్టోబర్‌లో వచ్చినాయన వ్యానులో ఏది ఉంటే అది బిగించాడు. పెద్ద నాజిల్ పెట్టినంత మాత్రాన ఆయిల్ అదే లెక్కన పెరగదు, బర్నర్ తొందరగా ఆగిపోతుంది కదా, కానీ మంట పెద్దదై, నీళ్ళు అందుకోలేని వేడి చిమ్నీలోకి పోతుంది, గాలి సరిపోక మసి పడుతుంది, మసి పట్టాక ఇంకా తక్కువ వేడి నీళ్ళకు అందుతుంది. పొగగొట్టానికి చిన్న బెజ్జం వేసి మీటర్ పెడితే 580 డిగ్రీల ఫారెన్‌హీట్. అమ్మకు చెప్తే క్షణం ఆలోచించలేదు. సింగరేణి క్వార్టర్స్‌లో పెరట్లో మాకు రాగి బాయిలర్ ఉండేది, స్నానాల నీళ్ళకు. "గొట్టం మరీ కాలుతోందంటే బొగ్గు నీళ్ళకు కాదు, ఆకాశానికి పెట్టినట్టేగా" అంది. అంతే విషయం, కుర్రాడికి మాత్రం తెలియలేదు.

పెద్దాయన నాజిల్ మార్చి, బ్రష్‌తో గోకి వ్యాక్యూమ్ పెట్టాడు, బకెట్‌లో మూడోవంతు నల్లటి పొడి వచ్చింది. తర్వాత మీటర్ చూస్తూ గాలి తలుపు రవ్వంత మూస్తూ, తెరుస్తూ అరగంట కూర్చున్నాడు. చివరికి పొగ పరీక్ష కాగితం తెల్లగా వచ్చింది, గొట్టం 420కి దిగింది, ఆ అంకెలన్నీ అచ్చైన చీటీని బాయిలర్‌కు టేపుతో అంటించాడు. అక్టోబర్ సర్వీస్‌లో ఇలాంటి చీటీ లేదు. అసలు చూడకుండానే గాలి ఎంత పెట్టాలో వాళ్ళకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"అయినా ఇది ఒక్కటే సరిపోదు, ఇంకేదో ఉంది" అన్నాడాయన. ఇక్కడ కథ మలుపు తిప్పింది మళ్ళీ అమ్మే. మేం కింద మాట్లాడుకుంటుంటే మెట్ల మీద నుంచి "ఒరేయ్, ఆ గ్యారేజీ మీద గది మాత్రం ముట్టుకోవద్దని చెప్పు, నా చీరలు, తువ్వాళ్ళు అక్కడే ఆరుతున్నాయి, వెచ్చగా ఉంటుంది" అంది. ఆ గదిలో ఎవరూ ఉండం. దాని థర్మోస్టాట్ 50 మీద పెట్టి వదిలేశాం, అది చల్లగా ఉండాల్సిన గది.

పెద్దాయన నవ్వలేదు, నేరుగా పైపుల దగ్గరకు వెళ్ళాడు. మా ఇంట్లో మూడు జోన్లు, అంటే విడివిడి థర్మోస్టాట్లున్న భాగాలు, ఒక్కో దానికి ఒక జోన్ వాల్వ్, డబ్బీ లాంటిది, పక్కన చిన్న మీట ఉంటుంది. పైపుల్లో గాలి తీసేటప్పుడు ఆ మీటను లాగి గాడిలో తగిలిస్తే వాల్వ్ తెరుచుకునే ఉంటుంది. ఆ జోన్ థర్మోస్టాట్ ఒకసారి వేడి అడిగితే మీట దానంతటదే గాడి నుంచి జారి మామూలుగా అవుతుంది. అక్టోబర్‌లో గాలి తీసినాయన మూడో దాని మీట అలాగే వదిలేశాడు. వాల్వ్ తెరిచే ఉంది కాబట్టి, మిగతా ఇంటికి నీళ్ళు తిరిగినప్పుడల్లా ఆ గదికీ వెళ్తున్నాయి, గది వెచ్చగా ఉంది కాబట్టి 50 మీద ఉన్న థర్మోస్టాట్ ఎప్పుడూ అడగలేదు, అడగలేదు కాబట్టి మీట జారలేదు. కింద చలి గ్యారేజీ, మూడు వైపులా బయటి గోడలు, నేల కింద ఇన్సులేషన్ పేరుకే. మూడు నెలలు ఆ గదిలో మేం తువ్వాళ్ళు ఆరబెట్టుకున్నాం, ఆయిల్‌తో. వేలితో మీట నొక్కాడు, టక్ మంది. అంతే రిపేరు.

ఫలితం: తర్వాతి డెలివరీ 28 రోజులకు, సుమారు 930 డిగ్రీ డేలు, 152 గ్యాలన్లు. గ్యాలన్‌కు 6.1. థర్మోస్టాట్ 70 మీదే ఉంది, తగ్గించే ధైర్యం నాకు లేదు.

రెండు రాకపోకలకు, నాజిల్‌తో కలిపి, ఆయన తీసుకున్నది 310 డాలర్లు. చెక్కు లేదా క్యాష్, కార్డు తీసుకోడు. బేస్‌మెంట్ నేల మీద ఎర్ర చుక్కలు నాలుగు వదిలి వెళ్ళాడు, రెండు రోజులు ఇల్లంతా పెట్రోల్ బంకు వాసన, మా ఆవిడ ఇంకా గుర్తుచేస్తుంది. వెళ్ళేముందు ఇంకో మాట కూడా అన్నాడు: మా కుళాయిల్లో వేడి నీళ్ళు కూడా బాయిలర్ లోపలి కాయిల్ నుంచే వస్తాయి కాబట్టి ఎండాకాలం కూడా అది కాగుతూనే ఉంటుంది, విడిగా నీళ్ళ ట్యాంకు పెట్టించుకోమని. అది తనకు పని దొరికే సలహా కాబట్టి నేను కాస్త పక్కన పెట్టాను, ఈ జూన్, జులైల్లో ఎంత ఆయిల్ పోతుందో చీటీలు చూసి నిర్ణయిస్తాను.

మీ ఇంట్లో ఇలా ఉంటే బర్నర్ మూత మీరు విప్పకండి, దానికి ఇలాంటి మనిషి కావాలి. ఆగిపోతే ఆ ఎర్ర రీసెట్ బటన్ ఒక్కసారి కంటే ఎక్కువ నొక్కకండి, మండని ఆయిల్ లోపల నిండి, అంటుకున్నప్పుడు ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ చూసుకోండి, మసి పట్టిన బాయిలర్ పక్కన మూడు నెలలు పడుకున్నామని తెలిశాక నేను చేసిన మొదటి పని అదే. మీరు చేయగలిగింది చీటీలు దాచుకోవడం, వాడని గదుల్లో బేస్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూడడం. సర్వీస్‌కు ఎవరిని పిలిచినా ముందే ఫోన్‌లో అడగండి, పొగ పరీక్ష చేసి అంకెల చీటీ ఇస్తారా అని. నసిగితే ఇంకొకరిని చూసుకోండి.

పాత కంపెనీకి ఇదంతా మెయిల్ పెట్టాను. క్షమించమన్నారు, వచ్చే ఏడాది ట్యూనప్ ఫ్రీ అన్నారు. వద్దన్నాను.

గ్యారేజీ మీద గది ఇప్పుడు గడ్డకట్టుకుని ఉంది. డ్రయ్యర్‌లో వేస్తే బట్టలు పాడవుతాయని అమ్మ ఒప్పుకోదు. బాయిలర్ పక్కన తాడు కట్టమంది, దానికి మూడడుగుల దూరంలో ఏదీ ఉండకూడదని పెద్దాయన చెప్పి వెళ్ళాడు కాబట్టి మెట్ల వైపు కట్టాను. ఆ మూల ఆరడానికి రెండు రోజులు పడుతోందని రోజూ వింటున్నాను.