స్విస్ నేషనల్ పార్కు: అడవి మాటున ఉన్న కొలిమి

స్విట్జర్లాండ్‌కి నేషనల్ పార్కు ఒక్కటే. దేశానికి తూర్పు కొసన, ఎంగడీన్ లోయలో జెర్నెట్స్ ఊరిని ఆనుకుని 170 చదరపు కిలోమీటర్లలో ఉంది. 1914 ఆగస్టు 1న మొదలైంది, ఆల్ప్స్ మొత్తంలో ఇదే పాతది. ఇక్కడ చెట్టు కూలినా తీయరు, జింక చచ్చినా కదపరు. అందుకే వచ్చినవాళ్ళంతా ఆదికాలపు అడవి చూశామనుకుని వెళ్ళిపోతారు. కాదు.

పార్కు మధ్యగా పోయే ఓఫెన్ పాస్ కనుమ రోడ్డులో బస్సు కిటికీ నుంచే గమనించండి. పైన్ చెట్లు చాలాచోట్ల ఒకే ఎత్తు, ఒకే లావు. కారణం గొడ్డలి. ఇదే రోడ్డు మీదున్న ఇల్ ఫువోర్న్ దగ్గర ఇనుము కరిగించే కొలిములకు కట్టెబొగ్గు కావాలి, ఆస్ట్రియా టిరోల్‌లోని హాల్ ఊళ్ళో ఉప్పు కాచడానికి కట్టెలు కావాలి. వందల ఏళ్ళు కొండలకు కొండలే నరికారు. దుంగల్ని స్ప్యోల్ నదిలో వదిలితే ఇన్ నదిలో కలిసి హాల్ దాకా కొట్టుకుపోయేవి. ఈ నరుకుడు 19వ శతాబ్దంలో గానీ ఆగలేదు. బోడిగా మిగిలిన నేల మీద ముందు మొలిచేది ఈ పైన్ చెట్టే.

ఈ చరిత్ర కళ్ళారా చూడాలంటే మార్గునెట్ దారి ఎంచుకోండి. బస్సు దిగి పార్కింగ్ 7 దగ్గర మొదలుపెట్టి, వాల్ దాల్ బోచ్ లోయ మీదుగా 2328 మీటర్ల మార్గునెట్ ఎక్కి, స్టాబెల్‌చోడ్ వైపు దిగి పార్కింగ్ 8 దగ్గర తేలాలి. ఎక్కుడు సుమారు 450 మీటర్లు. ఆగుతూ చూస్తూ నడిస్తే నాలుగు గంటలు చాలు. డోలమైట్ రాయి నీటిని నిలవనివ్వదు కాబట్టి మనిషికి రెండు లీటర్లు ఇంటి నుంచే మోయాలి. మార్గునెట్ పైన బైనాక్యులర్లు లేకపోతే సగం పని దండగ. 1991 నుంచి 2007 వరకు 26 గడ్డపు రాబందులను వదిలింది ఇక్కడి స్టాబెల్‌చోడ్ లోయలోనే.

దిగేటప్పుడు స్టాబెల్‌చోడ్ పచ్చిక దగ్గర తొందరపడకండి. పార్కు రాకముందు ఆవులు రాత్రిళ్ళు పడుకున్న చోటు ఇది. ఆ పేడ బలం మట్టిలో ఇంకా ఉంది. గడ్డి మెత్తగా, బలంగా వస్తుంది, ఎర్రజింకలు దాన్ని నేలబారుగా కొరికేస్తాయి. అందుకే వందేళ్ళు దాటినా అడవి ఆ మైదానాన్ని పూర్తిగా మూసేయలేకపోయింది. మనిషి చెయ్యి పడలేదన్న మాటకి ఇంతకంటే మంచి జవాబు లేదు.

నియమాలు గట్టివి. ప్రవేశ రుసుము లేదు గానీ దారి వదిలి అడుగు తీస్తే రేంజరు జరిమానా వేస్తాడు. కూర్చోవడం కూడా గుర్తు పెట్టిన విశ్రాంతి స్థలాల్లోనే. కుక్క గొలుసుతో ఉన్నా రాకూడదు. సైకిలు, డ్రోను, టెంటు, మంట ఏవీ కుదరవు, జింక రాల్చిన కొమ్ము కూడా తీసుకోకూడదు. ఎక్కువమంది దొరికిపోయేది ఫొటో కోసం పక్క బండ ఎక్కినప్పుడు. చాదస్తం అనిపించవచ్చు, కానీ మనుషులు గీత దాటరని జంతువులకు అలవాటైంది కాబట్టే అవి దారికి దగ్గర్లో నిదానంగా మేస్తాయి.

బసకు పార్కు లోపల రెండే చోట్లు. ఇల్ ఫువోర్న్ హోటల్ రోడ్డు మీదే, బస్సు గుమ్మం ముందే ఆగుతుంది. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే అదే సరి. నడవగలిగితే మాత్రం చమన్నా క్లువోత్సా కొండబస మేలు. 1882 మీటర్ల ఎత్తు, జెర్నెట్స్ నుంచి మూడు గంటలు, వేసవిలోనే తెరుస్తారు, ముందుగా బుక్ చేయాలి. మర్నాడు 2545 మీటర్ల ముర్టేర్ ఎక్కి స్ప్యోల్ దాకా దిగే దారి మోకాళ్ళను పరీక్షిస్తుంది, చేతికర్రలు మరవకండి. కింద కనిపించే నదిని చూసి మురిసిపోకండి, ఆ ప్రవాహం ఆనకట్ట వదిలినంతే. ఆ నీటి గురించి ఇటలీతో కుదిరిన ఒప్పందాన్ని 1958లో దేశమంతా ఓటు వేసి ఒప్పుకుంది. నది పూర్తిగా చచ్చిపోకుండా 2000లో కృత్రిమ వరదలు వదలడం మొదలుపెట్టారు.

శాకాహారులు బుకింగ్ అప్పుడే చెప్పాలి. ఆకు చుట్టి వండే కాపున్స్ అనే స్థానిక వంటకంలో, బార్లీ సూప్‌లో మామూలుగా ఎండు మాంసం ఉంటుంది. చూడటానికి ఏమీ తెలియదు.

జ్యూరిక్ నుంచి లాండ్‌క్వార్ట్‌లో మారి, వెరైనా సొరంగం దాటాక సాల్యాయిన్స్‌లో మళ్ళీ మారితే జెర్నెట్స్. సాల్యాయిన్స్‌లో బయటికి దారి లేదు, రైలు మారడానికే ఆ స్టేషను. అక్కడి నుంచి పసుపు పోస్టు బస్సు. రైలుకీ బస్సుకీ స్విస్ ట్రావెల్ పాస్ చెల్లుతుంది. ఎర్రజింకల గర్జన వినాలంటే సెప్టెంబరు చివర త్రుప్చున్ లోయ. జనం విపరీతం, పొద్దున్నే వెళ్ళాలి.

ఇంకో రోజు మిగిలితే జెర్నెట్స్ మ్యూజియం కన్నా ష్‌చార్ల్ ఊరికి నా ఓటు. షూల్ నుంచి వేసవిలో బస్సు ఉంది. సీసం, వెండి కరిగించిన చోట ష్మెల్‌త్స్రా మ్యూజియం పెట్టారు, గనుల కథతో పాటు ఎలుగుబంటి కథా అక్కడే. స్విట్జర్లాండ్‌లో ఆఖరి స్థానిక ఎలుగును 1904లో కాల్చింది ఈ పక్కనున్న మింజేర్ లోయలో. ఇప్పుడా లోయ పార్కులోనే ఉంది. ష్‌చార్ల్ దారిలో మింజేర్ స్టాపులో దిగి 2317 మీటర్ల సుర్ ఇల్ ఫోస్ కనుమ దాకా ఎక్కి రావచ్చు. చివరి బస్సు టైము ముందే ఫోటో తీసి పెట్టుకోండి.