చిన్న బెంచ్ డ్రిల్ కొనేటప్పుడు చక్ కూర్చునే చోటు చూడండి

వాట్లు, స్పీడ్లు, బరువు పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. ఇన్నేళ్లు వాడాక, బల్ల మీద పెట్టి బెజ్జాలు వేసే ఈ మిషన్‌లో అన్నిటికంటే ముఖ్యమని నాకు తేలింది స్పిండిల్‌కి (మోటారుతో తిరిగే కడ్డీకి) చక్ (బెజ్జం వేసే బిట్‌ని దవడలతో పట్టుకునే భాగం) తగులుకునే చోటు. షాపులో దాన్ని ఎవరూ విప్పి చూపించరు.

నా మిషన్ కొత్తలో బాగానే నడిచింది. 6 ఎంఎం బిట్‌తో ఇనుప పట్టీకి బెజ్జం వేస్తే వెన్నలో దిగినట్టు దిగేది. తర్వాత ఒకసారి హోల్ సా (పెద్ద బెజ్జాలు కోసే, అంచుకి పళ్లున్న గిన్నెలాంటి రంపం) బిగించి మందపాటి చెక్క కోస్తున్నాను. పళ్లు ఒక పక్క పట్టేశాయి. మిషన్ గడగడా వణికింది. అంతలోనే చక్ హోల్ సాతో సహా ఊడి టేబుల్ మీద పడి, తిరుగుతూ తిరుగుతూ నేల మీదికి దొర్లింది. కాళ్లకి బూట్లు ఉండబట్టి సరిపోయింది.

చక్ అక్కడ బోల్టుతో బిగించి ఉండదు. కొస సన్నబడే కడ్డీ, దానికి సరిపడా గుంత, రెండూ రాపిడితోనే పట్టుకుని ఉంటాయి. దీన్నే టేపర్ అంటారు. పైనుంచి నొక్కినంతసేపు ఇంకా బిగుస్తుంది. పక్కకి గుంజినా, వణుకు పుట్టినా వదిలేస్తుంది. నా మిషన్‌లో ఆ గుంత నిండా తుప్పు పట్టకుండా కంపెనీ పూసిన జిగట నూనె అలాగే ఉంది. దాన్ని తుడిచాకే చక్ ఎక్కించాలని మాన్యువల్లో ఒక్క ముక్క లేదు. మనిషికి దెబ్బ తగిలే విషయాన్ని ఇంత తేలిగ్గా వదిలేశారన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది.

ప్లగ్ తీసేసి, రెండు వైపులా థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చాను. చక్ దవడలు పూర్తిగా లోపలికి తిప్పి, కిందనుంచి చెక్క సుత్తితో గట్టిగా కొట్టాను. మళ్లీ ఊడలేదు. కొత్తప్పటి నుంచీ బిట్ కొసలో కనిపించే ఊగుడు కూడా చాలావరకు పోయింది! అది మాత్రం నేను ఊహించలేదు.

వెన్నలా దిగిందన్నాను కదా, అది చిన్న బిట్ల మాటే. 30 ఎంఎం హోల్ సాతో ఇనుము కోయాలంటే స్పీడ్ 300 ఆర్‌పీఎం లోపు ఉండాలి. దీని కనీస స్పీడే 500 పైన, అందుకే పళ్లు కాలిపోతాయి. గట్టిగా నొక్కితే టేబుల్ కూడా కాస్త వంగుతుంది, దాని కింద చెక్క ముక్క నిలబెట్టాల్సిందే.

కొనేముందు క్విల్‌ని (హ్యాండిల్ తిప్పితే స్పిండిల్‌తో సహా కిందికి దిగే గొట్టాన్ని) చివరిదాకా దించి, చక్ పట్టుకుని అటూ ఇటూ ఊపండి. లూజు చేతికి తెలిస్తే వద్దు.

నాది ఎక్కువగా చెక్క పని, పల్చటి పట్టీలు, కాబట్టి నాకు ఇది చాలు. రోజూ మందపాటి ఇనుముతో పనిచేసేవాళ్లకి ఇదే కొనమని చెప్పలేను. నా బల్ల మీద ఇంతకంటే పెద్దది పట్టదు కూడా, అందుకే మార్చే ఆలోచన ప్రస్తుతానికి లేదు.