ఏడాది సరుకా, నెల సరుకా, ఏ పూటకాపూటా?

మాఘమాసం దాటితే చాలు, మా అత్తగారింట్లో వరండా నిండా ఎండుమిర్చి ఆరబోసి ఉండేది. ఒక పక్క చింతపండు, లోపల మంచం కింద కందిపప్పు డబ్బాలు. ఏడాదికి సరిపడా ఒకేసారి కొనడం అత్తయ్య పద్ధతి. పెళ్లయ్యాక విజయవాడలో అపార్ట్‌మెంట్‌కి వచ్చి, మేము నెలకోసారి చీటీ రాసి తెచ్చుకోవడం మొదలుపెట్టాం. ఈమధ్య ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో సంచీ గుమ్మంలో ఉంటోంది. మూడు పద్ధతులూ చేసి చూశాను. నలుగురున్న మా ఇంటి లెక్కలో ఏది ఎక్కడ కలిసొచ్చిందో చెప్తాను.

ఏడాది సరుకుతో మొదలుపెడతాను. బాగా కలిసొచ్చేదీ, తేడా వస్తే బాగా పోయేదీ అక్కడే.

గుంటూరు యార్డుకి కొత్త మిర్చి ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. ఆ తర్వాత నెలల్లో దొరికేది చాలావరకు కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయ. ఆ అద్దె కూడా మన దగ్గరే వసూలవుతుంది. మాకు ఏడాదికి ఆరు కిలోల కారం సరిపోతుంది. ఘాటుకి తేజ, రంగుకి కొంచెం బ్యాడిగి కలిపి, తొడిమలు తీసి, రెండెండలు పెట్టి మర పట్టిస్తాం. అదే కారం నెలనెలా చిన్న ప్యాకెట్లలో కొంటే ఎంతవుతుందో ఒకసారి మీరే లెక్క వేసుకోండి. నా వరకు కారం విషయంలో అత్తయ్య మాటకు తిరుగులేదు.

బియ్యం కూడా అంతే. ఖరీఫ్ ధాన్యం సంక్రాంతికల్లా కొత్త బియ్యమై వస్తుంది. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది కాబట్టి పాత బియ్యానికి ధర ఎక్కువ. జనవరిలో నాలుగు బస్తాలు కొని పక్కన పెడితే జూలైకి అవే పాత బియ్యం. తడి తగలకుండా చెక్కల మీద పేర్చే చోటుండాలి, అంతే. రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లకి ఇది చెప్పడం నాకే ఇష్టం లేదు. వాళ్లు ఒక్క బస్తాతో సరిపెట్టుకోవడమే నయం.

చింతపండు దగ్గర మాత్రం నేను అత్తయ్యతో విభేదించాను. ఆవిడ ఎప్పుడూ గింజతో ఉన్నదే కొనేవారు, చవకని. ఒక ఏడాది నేనూ పది కిలోలు అలాగే తెచ్చాను. నేల మీద గోనెపట్టా పరిచి, ఇద్దరం రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కో కాయ చీల్చి, ఈనెలు లాగి, గింజలు తీశాం. వేళ్ల కొసలు పుల్లబారి మండాయి. కళ్లుప్పు చల్లి జాడీలోకి నొక్కే ముందు తూకం వేస్తే ఆరు కిలోలుంది. గింజతో కిలో 90 రూపాయలు అనుకుందాం. పదికి 900. చేతికొచ్చిన ఆరుతో భాగిస్తే కిలో 150 పడినట్టు. గింజ తీసినది అదే సీజన్‌లో 160కి దొరుకుతుంటే, ఇద్దరు మనుషుల రెండు మధ్యాహ్నాల పనికి మిగిలింది 60 రూపాయలు. అప్పట్నుంచి గింజ తీసినదే కొంటున్నాం, అది కూడా సీజన్‌లోనే. చిన్న కొట్టయినా పెద్ద మాల్ అయినా, వండే రూపంలో కిలో ఎంత పడుతుందో చూసుకోకుండా ధర పోల్చకండి.

అన్నీ నిలవుండవు. మినపగుళ్లు చవగ్గా వచ్చాయని ఒక వేసవిలో పది కిలోలు తీసుకున్నాను. సరిగ్గా ఎండబెట్టలేదు. శ్రావణంలో డబ్బా మూత తీస్తే తెల్లటి పొడి, మధ్యలో పురుగులు. సగానికి పైగా పారేశాం. ఆ ఏడాది మిగిల్చిందంతా దాంతోనే పోయింది. మినపగుళ్లు, రవ్వ, శనగపిండి, వేరుశనగ గుళ్లు నెలకు మించి తేవడం లేదు. కందిపప్పు అయితే కొత్త పంట వచ్చే జనవరి, ఫిబ్రవరిలో కొని, ఎండబెట్టి, చేతికి ఆముదం రాసుకుని కలిపి డబ్బాకెత్తితే ఆరు నెలలు బాగుంటుంది. ఏడాదికి మాత్రం నేను పెట్టను.

ఇంకో మాట. ఏడాది సరుకు కోసం అప్పు చేయకండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చి నెలకు వెయ్యి చొప్పున తీర్చితే, పది నెలల్లో వడ్డీయే 1,100 అవుతుంది. సరుకులో మిగిలేది దానికే సరిపోతుంది. మేము ఏప్రిల్ నుంచి ప్రతి నెలా 900 ఒక డబ్బాలో వేస్తాం. మళ్లీ సీజన్ వచ్చేసరికి చేతిలో డబ్బుంటుంది.

ఇక నెల సరుకు. మా ఇంట్లో ఎక్కువ భాగం ఇదే. పోయిన నెల చీటీనే మళ్లీ ఇచ్చేయడం పెద్ద పొరపాటు. మా ఇంట్లో ఆవాలు మూడు ప్యాకెట్లు పోగైనప్పుడు తెలిసింది నాకు. ఇప్పుడు డబ్బాలన్నీ తెరిచి చూసి, ఉన్నది పక్కన రాసి, తగ్గినదే తెస్తాను. పావుగంట పని.

విడిగా తూచి ఇచ్చే పప్పుకీ ప్యాకెట్ పప్పుకీ తేడా కూడా చూడాలి. 2022 జూలై నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులకు 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ ఉంది. మన కళ్ల ముందు తూచి పొట్లం కట్టేదానికి లేదు. 26 కిలోల బియ్యం బస్తాలు ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమైందిగా. అందుకని పప్పులకి నేను వీధి చివర కొట్టుకే వెళ్తాను. రాళ్లు, పుచ్చులు లేవని చేతిలో పోసుకుని చూడొచ్చు, బాగోకపోతే తిరిగి ఇవ్వొచ్చు. సబ్బులు, నూనె లాంటివి పెద్ద సూపర్ మార్కెట్‌లో చవక. నూనె ప్యాకెట్ తీసుకునేటప్పుడు మాత్రం వెనక బరువు చదవండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అదే సైజులో కనబడే కొన్ని ప్యాకెట్లలో 850 గ్రాములే ఉంటుంది. ధర తక్కువని సంబరపడితే నూనె కూడా తక్కువే వచ్చి ఉంటుంది.

ఫోన్ ఆర్డర్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 140 రూపాయల పెరుగు, కొత్తిమీరకి డెలివరీ, హ్యాండ్లింగ్ అంటూ 30 పైన పడ్డ బిల్లు నా దగ్గరే ఉంది. ఆ 30 తప్పించుకుందామని బిస్కెట్లు, చాక్లెట్లు కలిపితే 300 దాటుతుంది. ఇంట్లో ఎవరికైనా జ్వరమొచ్చి కదల్లేనప్పుడు వాడతాం, అప్పుడు ఎంతో సాయం. కూరగాయలకి మాత్రం రైతు బజారే. 1999లో మొదలైనప్పట్నుంచీ అక్కడ రేట్ల బోర్డు రాసి పెడుతున్నారు, వారానికోసారి ఉదయాన్నే వెళ్తే చాలు.

కాబట్టి మా ఇంట్లో కారం, చింతపండు ఏడాదికి, బియ్యం, కందిపప్పు ఆరు నెలలకి, మిగతావన్నీ నెలకి. మీరు కొత్తగా మొదలుపెట్టేట్టయితే మార్చిలో కారం ఒక్కటే చేసి చూడండి. తక్కువ చోటులో పట్టేది, పాడయ్యే భయం తక్కువున్నది అదే. మొన్న ఫోన్‌లో అత్తయ్య అడిగారు, "ఏమ్మా, ఈసారి డబ్బాలో ఎంత చేరింది?" అని. తొమ్మిది వేలు దాటిందని చెప్తే, "అయితే చింతపండు గింజ తీసినదే చూడు, నా చేతులూ ఇప్పుడు సహకరించట్లేదు" అన్నారు.